ఎం.ఏ. మ్యూజిక్ ఫైనల్ ప్రాజెక్ట్ కదలట్లేదు, టాపిక్ మార్చెయ్యనా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ఎం.ఏ. కర్ణాటక సంగీతం, వోకల్, ఆఖరి సెమిస్టర్. క్లాసులన్నీ అయిపోయాయి, ఇంక సొంతంగా చెయ్యాల్సిన ఫైనల్ ప్రాజెక్ట్ ఒక్కటే మిగిలింది. డిసర్టేషన్ రాసివ్వాలి, గంట సేపు కచేరీ చెయ్యాలి, తర్వాత వైవా. నా టాపిక్ 'భైరవి రాగం, ఒక సమగ్ర అధ్యయనం'. దాదాపు నలభై రికార్డింగులు పోగేశాను, పుస్తకాలు బోలెడు స్కాన్ చేసి పెట్టుకున్నాను, కానీ రాసింది మాత్రం రెండు పేజీలే, అదీ అందరికీ తెలిసిన రాగ లక్షణమే. గైడ్ గారికి మెసేజ్ పెడితే 'కంటిన్యూ' అంటారు అంతే. పాడమంటే పాడతాను గానీ రాయడం నా వల్ల కావట్లేదు మేడమ్. సబ్మిషన్‌కి నాలుగు నెలలుంది. టాపిక్ మార్చెయ్యనా? ఎక్స్‌టెన్షన్ అడగనా? ఏఐతో రాయించేసుకో అని ఫ్రెండ్ అంటోంది. ఏం చెయ్యాలో తోచట్లేదు. (పేరు వద్దండి)

జవాబు: చూడమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, వివరాలు తర్వాత. టాపిక్ మార్చకు, దాన్ని బాగా కోసెయ్యి. ఇప్పుడు మార్చావంటే నాలుగు నెలల్లో ఒక నెల కొత్తది వెతకడానికే పోతుంది, గైడ్ గారి చేత ఒప్పించడానికి ఇంకొన్ని వారాలు, చివరికి అది కూడా ఇంత వెడల్పుగానే పెట్టుకుంటావు, మళ్ళీ ఇక్కడే ఆగిపోతావు. భైరవి చరిత్ర, లక్షణం, అందులో ఉన్న వర్ణాలు, కృతులు, పదాలు, ఎవరెవరు ఎలా పాడారు, ఇదంతా ఒకే చోట రాయాలంటే పీహెచ్‌డీ వాళ్ళకే ఏళ్ళు పడుతుంది. నీకు రాయడం రాక ఆగిపోయావని నేననుకోవట్లేదు. నీ చెవికి ఇంతవరకూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు నువ్వు, నలభై రికార్డింగులు ముందు పెట్టుకుని ఏం వినాలో తెలియకుండా వింటున్నావు, అలా వింటే ఎంత మంచి సంగీతమైనా 'అబ్బ బాగుంది' దగ్గర ఆగిపోతుంది, రాయడానికి ఏమీ మిగలదు.

కాబట్టి ఒక ప్రశ్న పట్టుకుందాం. నువ్వు పాడే మనిషివి కాబట్టి నీకు ఇది వెంటనే అర్థమవుతుంది. భైరవి 20వ మేళం (తల్లి రాగం) నఠభైరవి నుంచి పుట్టిన జన్యం, భాషాంగ రాగం, అంటే తల్లి రాగంలో లేని అన్యస్వరం కూడా వచ్చే రాగం, ఇక్కడ ఆ అన్యస్వరం చతుశ్రుతి ధైవతం. ధైవతం అంటే 'ద', అందులో శుద్ధం కిందిది, చతుశ్రుతి దాని పైది. పుస్తకంలో ఏముంటుంది, ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం, ఒక్క వాక్యంలో అయిపోతుంది. కానీ పాడేటప్పుడు రాగం అంత తిన్నగా పైకెళ్ళి తిన్నగా కిందికి రాదు కదా. 'ప ద ని స' అన్నప్పుడు సందేహం లేదు, 'స ని ద ప' అన్నప్పుడూ లేదు. మరి 'ప ద ని ద ప' అన్నప్పుడు? పైకి బయల్దేరావు, నిషాదం దాకా వెళ్ళావు, షడ్జం ముట్టుకోకుండానే వెనక్కి తిరిగావు, ఆ మొదటి 'ద' ఏది? ఎక్కుతున్నాం కాబట్టి చతుశ్రుతి అనాలా, షడ్జం చేరట్లేదు కాబట్టి శుద్ధం అనాలా? మీ గురువు గారు నేర్పినట్టు నువ్వు ఏదో ఒకటి పాడేస్తూనే ఉంటావు, అది ఏది అని ఎప్పుడైనా ఆగి చూసుకున్నావా? ఇదిగో, ఇది ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి నలభై రికార్డింగులు అక్కర్లేదు, మూడు చాలు, నీ గొంతు నాలుగోది.

ఏ రచన తీసుకోవాలి అంటే, నన్నడిగితే పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి విరిబోణి అట తాళ వర్ణం తీసుకో. అందరూ నేర్చుకునేదే, పెద్ద పెద్ద వాళ్ళ రికార్డింగులు వేర్వేరు తరాలవి దొరుకుతాయి, నీకు ఎలాగూ నోటికి వచ్చే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద సౌకర్యం ఏంటంటే వర్ణంలో ముక్తాయి స్వరం, చరణంలో ఎత్తుగడ స్వరాలు అనే భాగాలు ఉంటాయి, అక్కడ గాయకులు స్వరాల పేర్లతోనే పాడతారు, అంటే 'ద' అని వాళ్ళే నోటితో చెప్తున్నారు, అది దానో నీనో అని నువ్వు వాదించుకోవాల్సిన పని లేదు. అదే కృతి తీసుకున్నావనుకో, సాహిత్యం మీద గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు) వెళ్ళిపోతుంటే ఎక్కడ ధైవతం మొదలైంది, ఎక్కడ నిషాదం అయింది అని తేల్చుకోవడానికే సగం అధ్యాయం ఖర్చయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది, వర్ణాన్ని రెండు కాలాల్లో పాడే అలవాటు ఉంది కాబట్టి అదే 'ద' నిదానంగా పాడినప్పుడు ఎలా ఉంది, వేగంగా పాడినప్పుడు ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూడొచ్చు, వేగం పెరిగితే గమకానికి చోటు తగ్గుతుంది, అప్పుడు ఆ స్వరం ఎటు జరుగుతోంది అన్నది చాలా ఆసక్తికరమైన విషయం.

ఇప్పుడు పని ఎలా మొదలెట్టాలి. మూడు రికార్డింగులూ ఒకేసారి తెరవకు. ఒక్కటి తీసుకో, నీకు బాగా నచ్చినది, అందులో ఒక్క ముక్తాయి స్వరం. ఆడాసిటీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుంటే శ్రుతి మారకుండా వేగం తగ్గించి వినొచ్చు, సగం వేగం దాకా పర్లేదు, అంతకంటే తగ్గిస్తే శబ్దం ముక్కలు ముక్కలుగా వినిపించి నీ చెవే మోసపోతుంది. ఒక్క చిన్న స్వరాల వరస విను, ఆపు, నువ్వు పాడు, మళ్ళీ విను, నీది వాళ్ళది ఒకటేనా చూసుకో, అప్పుడు రాయి. పాడకుండా రాయకు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చెవి వదిలేసినది చాలాసార్లు గొంతు పట్టుకుంటుంది, నువ్వు పాడినప్పుడు ఏదో తేడా ఉందని అనిపిస్తుంది, ఆ తేడా ఏంటి అని వెతికితే అదే నీ పరిశీలన అవుతుంది.

రాయడానికి ఒక పట్టిక గీసుకో. ఒక్కో 'ద'కి ఒక్కో వరస. రికార్డింగులో ఎన్నో నిమిషం ఎన్నో సెకను, ఏ ఆవర్తనం (తాళం ఒక చుట్టు), అట తాళం 14 అక్షరాల్లో ఎక్కడ పడింది, దాని ముందు స్వరం ఏంటి, తర్వాత స్వరం ఏంటి, పొడుగ్గా పట్టారా పొట్టిగా వదిలేశారా, నీ చెవికి ఏ ధైవతం అనిపించింది, నువ్వు నేర్చుకున్న పాఠంలో ఏది. ఇంకో గడి ఖాళీగా ఉంచు, గ్రాఫ్ ఏం చెప్తోంది అని, అది తర్వాత నింపుదువుగాని. గ్రాఫ్ ముందు చూసేస్తే చెవి దానికి లొంగిపోతుంది, అందుకే ఈ వరస.

నొటేషన్ సంగతి. మామూలు స రి గ మ నొటేషన్‌లో రాస్తే గమకం అంతా ఎగిరిపోతుంది, నీ ప్రశ్నేమో గమకంలోనే ఉంది. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని చూడు, 1904లో అచ్చయింది, తెలుగు లిపిలోనే, ఏ స్వరం మీద ఏ గమకం పలకాలో గుర్తులు పెట్టి మరీ ఇచ్చారు. వంద ఏళ్ళ పైన అయింది, ఇప్పటికీ మన వాళ్ళు చాలామంది పేరు చెప్పి దణ్ణం పెట్టేస్తారు గానీ తెరిచి ఆ గుర్తులు చూసి పాడరు, నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది, తెలుగు చదవడం వచ్చిన మనకి అది నేరుగా అందుబాటులో ఉన్న సంపద. ఆ గుర్తులన్నీ నువ్వు వాడక్కర్లేదు, కంపితానికి (స్వరాన్ని ఊపడం) ఒకటి, జారుకి (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) ఒకటి, ఇలా నీకు కావలసిన నాలుగైదు తీసుకుని, ఏ గుర్తుకి ఏం అర్థమో మొదట్లోనే ఒక పేజీలో రాసిపెట్టు, తర్వాత చివరి దాకా అవే వాడు, మధ్యలో మార్చకు.

గ్రాఫ్ గురించి, ఇక్కడే పిల్లలు ఎక్కువ బోల్తా పడతారు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. ప్రాట్ అని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళది ఉంది, అది అసలు మాటల ఉచ్చారణ పరిశీలించడానికి చేసింది. సోనిక్ విజువలైజర్ అని లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో తయారైంది ఇంకోటి, అది సంగీతం కోసమే. రెండూ ఫ్రీ. శ్రుతి గీత గీసి చూపిస్తాయి. కానీ అది హెర్ట్జ్‌లో వస్తుంది, అది అలాగే రాసేస్తే ఏమీ తెలియదు. ఒకరి షడ్జం 200 హెర్ట్జ్ అనుకో, సమాన విభజన లెక్కలో (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే లెక్క) శుద్ధ ధైవతం సుమారు 317 దగ్గర, చతుశ్రుతి ధైవతం సుమారు 336 దగ్గర పడుతుంది. ఇంకొకరి షడ్జం 150 అయితే అవే స్వరాలు 238, 252. అంకెలు పోల్చడానికి లేదు. అందుకే ప్రతి గాయకుడి షడ్జాన్ని సున్నా అనుకుని సెంట్లలోకి (శ్రుతి దూరాన్ని కొలిచే కొలత) మార్చుకోవాలి, స్థాయి మొత్తం, అంటే స నుంచి పై స దాకా, 1200 సెంట్లు, అప్పుడు ఎవరి శ్రుతి అయినా శుద్ధం 800 ప్రాంతంలో, చతుశ్రుతి 900 ప్రాంతంలో కనపడాలి. ప్రాంతంలో అన్నాను చూడు, కంపితంతో పాడే స్వరం ఒక అంకె దగ్గర నిలబడదు, పక్క స్వరాన్ని తాకి వస్తూ ఉంటుంది, గీత ఊగుతూ కనపడుతుంది. దాని సగటు తీసి '847 సెంట్లు' అని రాసేశావనుకో, అది ఎవరూ పాడని స్వరం అవుతుంది. ఆ ఊపు ఎక్కడ నుంచి మొదలైంది, ఎక్కడ దాకా వెళ్ళింది, ఎక్కడ ఎక్కువ సేపు నిలిచింది అని రాయి.

ఇంకో ప్రమాదం, కచేరీ రికార్డింగులో వయొలిన్ గాయకుడి వెనకే నడుస్తుంటుంది, తంబురా మోగుతుంటుంది, మృదంగం కూడా శ్రుతిలోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి ఎవరిది పట్టుకోవాలో తెలియదు, అకస్మాత్తుగా ఒక స్థాయి కిందికి దూకి గీత గీస్తుంది. షడ్జం 200 అయితే మంద్ర (కింది స్థాయి) పంచమం 150, తార (పై స్థాయి) పంచమం 600, ఆ పరిధికి కొంచెం అటూ ఇటూగా హద్దులు పెట్టుకుంటే ఆ గెంతులు చాలావరకు తగ్గుతాయి. అయినా గీత చెప్పింది నీ చెవికి అసలు ఒప్పట్లేదనిపిస్తే ముందు సాఫ్ట్‌వేర్‌ని అనుమానించు, వయొలిన్‌ని పట్టుకుందేమో చూడు. అన్నీ సరిచూశాక కూడా చెవికీ గీతకీ తేడా మిగిలితే, అదే రాయాల్సిన చోటు. నీ చెవి చతుశ్రుతి అంటోంది, గీతేమో చతుశ్రుతి దాకా వెళ్ళట్లేదు, మరి చెవి ఎందుకలా విన్నది? తర్వాత వచ్చే నిషాదం వల్లా? మనం నేర్చుకున్న పాఠం వల్లా? ఇలాంటివి ఐదారు దొరికితే నీకు ఒక అధ్యాయం దొరికినట్టే.

పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు నీ నలభైలో ఉండే ఉంటాయి. వాటితో జాగ్రత్త. పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే, కాబట్టి వాళ్ళు కుదించి, వేగం పెంచి పాడి ఉండొచ్చు, ఆ కాలంలో భైరవి అంత క్లుప్తంగా పాడేవారు అని రాసేయకు. రికార్డు తిరిగిన వేగం కూడా అన్నీ ఒకేలా ఉండేవి కావు, వేగంలో 6 శాతం తేడా వస్తే దాదాపు ఒక స్వరస్థానం మారిపోతుంది. ఇందులో ఒక మంచి సంగతి ఏంటంటే, షడ్జం నుంచి ధైవతానికి ఉన్న దూరం సెంట్లలో మారదు, రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి. కానీ గమకం ఎంత వేగంగా ఊగుతోంది అన్నది మారిపోతుంది. ఈ రెండు వాక్యాలూ నీ పద్ధతి అధ్యాయంలో రాసుకో, వైవాలో ఎవరైనా అడిగితే చెప్పగలవు.

ఇక రాయడం. నా వల్ల కాదు అన్నావు. నీకు మాట్లాడటం వచ్చు కదా, జూనియర్ ఎవరైనా 'అక్కా ఇక్కడ ఈ ధైవతం ఏంటి' అని అడిగితే పాడి చూపించి చెప్తావు కదా. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టుకుని అలాగే చెప్పు, తర్వాత దాన్ని కాగితం మీదకి దించు. మొదట ఇలా ఉంటుంది అనుకో: 'ఈ గాయని ముక్తాయి స్వరం రెండో ఆవర్తనంలో ప ద ని ద ప అన్నప్పుడు మొదటి ద మీద ఆగలేదు, పంచమం నుంచి ఊపుతో నిషాదం అంచు దాకా వెళ్ళి వచ్చింది, నా చెవికి శుద్ధ ధైవతం అనిపించింది, నేను నేర్చుకున్న పాఠంలో కూడా అదే, కానీ రెండో కాలంలో ఇదే చోట ఊపు లేదు, నేరుగా పడింది.' చూడు, ఇందులో గొప్ప భాష ఏముంది? కానీ దీన్ని ఇంకెవరూ రాయలేరు, విన్నవాళ్ళు మాత్రమే రాయగలరు. ఇలాంటి పేరాలు ఇరవై ఉంటే నీ డిసర్టేషన్‌కి నడుము ఉన్నట్టే. నువ్వు రాసిన ఆ రెండు పేజీల రాగ లక్షణం పారెయ్యకు, రెండో అధ్యాయంలో పనికొస్తుంది, కానీ అక్కడ నుంచి మొదలెట్టావు కాబట్టే ఆగిపోయావు. విశ్లేషణ ముందు రాయి, తర్వాత ఎలా చేశావో ఆ పద్ధతి, తర్వాత ఇదివరకు వేరేవాళ్ళు ఏం చెప్పారు, ఉపోద్ఘాతం అన్నిటికంటే ఆఖర్న. ఏం చేశావో తెలియకుండా ఉపోద్ఘాతం ఎలా రాస్తావు చెప్పు.

ఏఐ సంగతి. మీ యూనివర్సిటీ రూల్ ఏంటో ముందు చదువు, కొన్ని చోట్ల అసలు ఒప్పుకోరు, కొన్ని చోట్ల వాడితే చెప్పాలంటారు. రూల్ పక్కన పెట్టినా, ఏఐ ఆ మూడు రికార్డింగులు నీలాగా వినలేదు, నీ పాఠం దానికి తెలియదు. పుస్తకాల గురించి అడిగితే లేని పుస్తకానికి లేని పేజీ నంబరు ఇచ్చేస్తుంది కూడా, అది వైవాలో ఒక్కటి బయటపడితే చాలు మిగతా నీ నిజాయితీ పనంతా అనుమానంలో పడుతుంది. మీ ఫ్రెండ్ మంచికే చెప్పి ఉంటుంది, కానీ ఈ ప్రాజెక్టులో నీది అనదగ్గది నీ వినికిడే, దాన్ని ఎందుకు వదులుకుంటావు. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చి వాక్యాలు సరిచేసుకోవడానికి, రూల్ ఒప్పుకుంటే, వాడుకో, తప్పులేదు.

గైడ్ గారి విషయం. 'మేడమ్ ఏం చెయ్యమంటారు' అని మెసేజ్ పెడితే ఎవరైనా 'కంటిన్యూ' అనే అంటారు, ఎందుకంటే జవాబు చెప్పడానికి అందులో ఏమీ లేదు. చేతిలో కాగితం పెట్టి అడగాలి. ఈ వారం ఆ పట్టిక ఒక పేజీ నింపు, దానికింద నాలుగు వాక్యాలు రాయి, మెయిల్‌లో ఇలా పంపు: 'టాపిక్‌ని విరిబోణి వర్ణంలో ధైవత ప్రయోగానికి పరిమితం చేద్దామనుకుంటున్నాను, మూడు రికార్డింగులు ఇవి, ఒక పేజీ నమూనా జతచేశాను. నాకు రెండు విషయాలు తెలియాలి, ఈ పరిధి సరిపోతుందా, శీర్షిక మార్పుకి డిపార్ట్‌మెంట్‌లో దరఖాస్తు పెట్టాలా. శుక్రవారం లోపు పదిహేను నిమిషాలు టైమ్ ఇవ్వగలరా.' ఇలా అడిగితే జవాబు వస్తుంది. కలిసి మాట్లాడిన రోజే సాయంత్రం, ఏం అనుకున్నారో మూడు వాక్యాల్లో మళ్ళీ మెయిల్ పెట్టు, అది గైడ్ గారిని కట్టెయ్యడానికి కాదు, రెండు నెలల తర్వాత ఇద్దరికీ గుర్తుండాలి కదా. రెండు మూడుసార్లు ఇలా పంపినా జవాబు లేకపోతే కోఆర్డినేటర్‌ని కలువు, ఫిర్యాదులా కాకుండా, నా పని ఇక్కడ దాకా వచ్చింది, ఎవరితో మాట్లాడాలి అని అడుగు.

కచేరీని వేరే పనిగా చూడకు, ఇది చాలామంది చేసే పొరపాటు, డిసర్టేషన్ ఒక మూల, కచేరీ ఒక మూల, రెండిటికీ మధ్య సంబంధమే ఉండదు. నీ గంటలో ఈ వర్ణం రెండు కాలాల్లో పాడు, తర్వాత భైరవి ఆలాపన చేసి ఒక కృతి పాడు, ఆలాపనలో 'ప ద ని ద ప' దగ్గర నువ్వు తేల్చుకున్నది వినపడాలి. కావాలంటే వేర్వేరు చోట్ల రెండు రకాలుగానూ పాడి చూపించు. ప్రోగ్రామ్ నోట్‌లో పొగడ్తలు, జీవిత చరిత్రలు తగ్గించి, ఈ కచేరీలో ఏం వినమంటున్నావో ఐదు వాక్యాల్లో చెప్పు. పక్కవాద్యాల వాళ్ళని ఇప్పుడే మాట్లాడుకో, పరీక్షల రోజుల్లో అందరూ అదే వయొలిన్ వాళ్ళ కోసం, అదే మృదంగం వాళ్ళ కోసం పరిగెడతారు. వయొలిన్ వాళ్ళకి నీ ప్రశ్న ముందే చెప్పు, లేకపోతే నువ్వు జాగ్రత్తగా శుద్ధ ధైవతం పాడిన చోట వాళ్ళు అలవాటుగా ఇంకోటి వాయించేస్తారు. గొంతు కూడా కాపాడుకో, బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఆ రోజుల్లో రాసే పని ముందుకి జరుపుకో.

నువ్వు పాడిన నాలుగో రికార్డింగ్ ఫోన్‌లో అయినా చెయ్యొచ్చు, కానీ ఎంపీ3లో వద్దు, వేవ్ ఫైల్‌లో, వీలైతే 48 కిలోహెర్ట్జ్ 24 బిట్‌లో చెయ్యి, స్టీరియో అయితే గంటకి ఒక జీబీ పడుతుంది అంతే. తంబురా శబ్దం మైకుకి దూరంగా, మెల్లగా ఉంచు, గీత శుభ్రంగా వస్తుంది. ఫైల్ పేరులోనే తేదీ, కాలం రాసిపెట్టు. అన్నీ మూడు చోట్ల ఉండాలి, ల్యాప్‌టాప్‌లో, బయట డ్రైవ్‌లో, ఆన్‌లైన్‌లో, ల్యాప్‌టాప్ పాడైతే పరీక్షకులు ఏమీ చెయ్యలేరు. మీ గురువు గారిని ఇంటర్వ్యూ చేసి అందులో పెడదామనుకుంటే అనుమతి పత్రం ముందే తీసుకో, మీ దగ్గర ఎథిక్స్ కమిటీ ఉంటే వాళ్ళ ఆమోదం ఇంటర్వ్యూకి ముందే రావాలి, అయిపోయాక అడిగితే ఆ ఇంటర్వ్యూ వాడుకోనివ్వకపోవచ్చు. రచన పాతదైనా రికార్డింగుకి వేరే హక్కులు ఉంటాయి, కాబట్టి మొత్తం పాటలు జతచెయ్యకుండా కావలసిన కొన్ని సెకన్ల ముక్కలే నంబర్లు వేసి ఇవ్వు, అదీ ఎంతవరకు పర్లేదో లైబ్రరీ వాళ్ళని అడుగు.

కంపోజిషన్ వాళ్ళు, వాద్యం వాళ్ళు కూడా ఇది చదువుతుంటే మీకు కూడా ఒక మాట. మీ పరీక్షకులకి మీరు చేసిన చివరి రూపం ఒక్కటే కనపడుతుంది, దాని దాకా ఎలా వచ్చారో కనపడదు. అందుకే ప్రతి డ్రాఫ్ట్‌నీ వేరే ఫైల్‌గా, తేదీతో దాచండి, ఏది తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నది ఆ రోజే ఒక వాక్యం రాసుకోండి, కామెంటరీ రాసేటప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడితే అన్నీ ముందే అనుకుని చేసినట్టు రాసేస్తాం, అది చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ గురించి నా అభిప్రాయం ఏంటంటే, ఒంట్లో బాగోలేకపోతేనో, ఇంట్లో ఏదైనా జరిగితేనో మొహమాటపడకుండా అడుగు, డాక్టర్ కాగితం పెట్టి గడువు ముందే అడుగు, గడువు దాటాక అడిగితే కష్టం. కానీ టాపిక్ వెడల్పుగా ఉన్నందుకు అడిగితే ఆ వెడల్పు అలాగే ఉంటుంది, ఇంకో రెండు నెలలు ఇంకో నలభై రికార్డింగులు చేరతాయి. పరిధి తగ్గించాక ఈ పనికి నాలుగు నెలలు సరిపోతాయి. సబ్మిషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టు, ఆఖరి రెండు వారాలు సంతకాలకి, ప్లేజరిజం చెక్‌కి, బైండింగ్‌కి వదిలెయ్యి, వాటిల్లో ఏ ఒక్కటీ నీ చేతిలో ఉండదు. దాని ముందు నెల తిరగరాయడానికి, కచేరీ రిహార్సల్‌కి. అంటే మూడు రికార్డింగుల విశ్లేషణ ఇప్పటి నుంచి రెండు నెలల్లో అయిపోవాలి, మొదటి దానికి మూడు వారాలు పట్టినా కంగారు పడకు, పద్ధతి కుదిరేది అక్కడే, మిగతా రెండూ త్వరగా నడుస్తాయి. పేజీల పరిమితి ఎంత, అనుబంధాలు అందులో లెక్కా కాదా, ఆడియో ఎలా ఇవ్వాలి, ఇవన్నీ మీ డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, సీనియర్లని అడిగి ఊరుకోకుండా అది తీసి చదువు, రూల్స్ ఏటా మారుతుంటాయి.

వైవాలో 'మూడే ఎందుకు తీసుకున్నావు' అని తప్పకుండా అడుగుతారు. ప్రతి ధైవతాన్నీ పాడి, విని, కొలిచి చూడాలంటే ఇంతే వీలవుతుంది, ఈ మూడింటినీ ఈ కారణంతో ఎంచుకున్నాను, వీటి బట్టి అందరూ ఇలాగే పాడతారని నేను అనట్లేదు అని చెప్పు. పాడి చూపించమంటే కూర్చున్న చోటే రెండు ధైవతాలతోనూ పాడి చూపించు, శ్రుతి పెట్టె దగ్గర పెట్టుకుని వెళ్ళు. మిగిలిన ఆ ముప్ఫై ఏడు రికార్డింగులు ఒక జాబితాగా అనుబంధంలో పెట్టెయ్యి, ఎవరు పాడారు, ఏ సంవత్సరం, ఎక్కడ దొరికింది, అంతే, విశ్లేషించనివి అని పైన స్పష్టంగా రాయి. మొదటి పట్టిక నిండాక, గైడ్ గారు ఏమన్నారో నాకు రాయి, 'ప ద ని ద ప' దగ్గర నీకు ఏం దొరికిందో కూడా రాయి, నాకు తెలుసుకోవాలనుంది.